అటెన్షన్ చెక్

నాచారం ఆఫీసులో రాత్రి తొమ్మిదికి ఏసీ ఆపేస్తారు.
నా పని అప్పుడు మొదలవుతుంది.

పన్నెండు నిమిషాల సర్వేని
తొంభై సెకన్లలో ముగించినవాళ్ళు ముందు పోతారు.
వాళ్ళ మీద నాకేం కోపం లేదు.
ఇరవై రూపాయల కూపన్‌కి
ఎవరైనా ఎంతసేపని ఆలోచిస్తారు?

తర్వాత, అన్నిటికీ మూడు కొట్టినవాళ్ళు.
వంటనూనె: మూడు.
సర్కారు దవాఖానా: మూడు.
మొత్తంగా మీ జీవితం పట్ల మీ సంతృప్తి,
ఒకటి నుంచి అయిదులో: మూడు.
తెర మీద పైనుంచి కిందికి
గోడకి వడంబం వేలాడదీసినట్టు ఒకే గీత.
ఒక్కోసారి అనిపిస్తుంది
ఈ మనిషి నిజమే చెప్పాడేమోనని.
అయినా తీసేస్తాను.

ఇరవయ్యో ప్రశ్న ఉచ్చు.
"మీరు చదువుతున్నారని మాకు తెలియడానికి
దయచేసి ఆకుపచ్చ ఎంచుకోండి."
నూటికి పద్నాలుగు మంది ఎరుపు నొక్కుతారు.
ఒకతను మాత్రం ఆకుపచ్చే నొక్కి
చివరి ఖాళీలో రాశాడు:
చదువుతున్నా సార్. మీరూ చదువుతున్నారా?

ఈ రాత్రి మెషీన్ ఎనిమిది మందిని పట్టుకుంది.
ఒకే వైఫై, ఒకే పిన్‌కోడ్, అమీర్‌పేట.
అందరూ ఒకే అరగంటలో.
ఇంటి నుంచి తబస్సుమ్ మెసేజ్ పెట్టింది:
"ఒక్కడే. ఎనిమిది సిమ్ములు. తీసెయ్."

వేలు డిలీట్ మీద పెట్టే చదివాను.
షాంపూ నుంచి మీరు ఏం కోరుకుంటున్నారు?

నురగ బాగా రావాలి.
వాసన తక్కువ ఉండాలి, పక్క బెడ్ అమ్మాయికి తుమ్ములు.
రూపాయి ప్యాకెట్‌లో ఇంకొంచెం పోయండి.
చుండ్రు.
తెలీదు, మా అక్క ఏది కొంటే అదే.
షాంపూ సంగతి తర్వాత, ముందు మూడో అంతస్తుకి నీళ్ళెక్కాలి.
బుధవారం...

బుధవారం దగ్గర ఆపేసింది. ఎవరో పిలిచినట్టున్నారు.
ఎనిమిదో అమ్మాయి ఏమీ రాయలేదు.

దొంగకి పక్క బెడ్ ఉండదు.
దొంగ బుధవారం అని మొదలుపెట్టి లేచిపోడు.
నాకెలా తెలుసంటే,

పదిహేడేళ్ళ కింద
మెడలో ఐడీ కార్డు, చేతిలో అట్ట,
సీతాఫల్‌మండి సందుల్లో తలుపులు కొట్టేదాన్ని.
ఆ రోజు ఒకటే వాన.
ఇంకా పదకొండు ఫారాలు మిగిలాయి.
జిరాక్స్ షాపు రేకు కింద నిలబడి
పదకొండు మందిని కన్నాను.
వాళ్ళలో ఈరమ్మ నాకింకా గుర్తు.
నలభై మూడేళ్ళు, ముగ్గురు పిల్లలు,
టీవీ ఉంది, ఫ్రిజ్ లేదు.
సబ్బుపొడి ఏదంటే
మా ఇంట్లో వాడే నీలం ప్యాకెటే ఇచ్చాను.
ఈరమ్మ ఎక్కడా తడబడలేదు.
"ఏమో బిడ్డా" అనలేదు.
పాలు పొంగుతున్నాయని లోపలికి పరుగెత్తలేదు.
నువ్వెవరివి, ఇదంతా ఎందుకు అడుగుతున్నావని
ఒక్కసారి కూడా అడగలేదు.
మర్నాడు సూపర్‌వైజర్ ఆ ఫారం పైకెత్తి
"ఫీల్డ్ వర్క్ అంటే ఇట్లుండాలె" అన్నాడు.
అందరూ నాకేసి చూశారు.
నేను తడిసిన చెప్పులకేసి చూసుకున్నాను.

ఎక్కడున్నావో ఈరమ్మా,
ఏ నివేదికలో, ఏ శాతంలో కలిసిపోయి.
నిన్ను తీసేసేవాళ్ళు ఇక ఎవరూ లేరు.

సరే. ఎనిమిది వరసలు.
కారణం గడిలో "హాస్టల్" అని కొట్టాను.
ఏడుగురికి ఇబ్బంది లేదు.
నీళ్ళడిగిన అమ్మాయి దగ్గర ఆగాను.
నురగకి కోడ్ ఉంది, వాసనకి ఉంది, ధరకి ఉంది.
నీళ్ళకి లేదు.
ఇలాంటివి తొంభై ఎనిమిదిలో వెయ్యాలి:
అసంబద్ధం.

జాబితా చివర కొత్తగా పదిహేడు చేర్చాను.
పదిహేడు: నీళ్ళు.
దాని కింద, ఒకటి.
ఆరు వందల మందిలో ఒకటి.
క్లయింటు స్లైడుల్లో దశాంశాలు పెట్టరు,
అక్కడ సున్నా అని పడుతుంది.
పడనీ.

పదకొండున్నరకి తబస్సుమ్ మళ్ళీ అడిగింది:
"ఆ ఎనిమిదీ పోయాయా?"

లేదు, అని కొట్టాను.
ఉన్నారు.